అంగడివీథిలోని నివాసగృహము
(విరుదునగర, కోవిల్పట్టి పట్టణములను పురస్కరించుకొని భూవినియోగ మండల విచారము)

విరుదునగరమునందును కోవిల్పట్టియందును పాతబజారును ఆనుకొనియున్న సందులలో పూర్వపు బాణీ యిండ్లు కొన్ని యింకను నిలిచియున్నవి. వీథివైపు అరుగు, అరుగు వెనుక నిడుపాటి గది యొకటి, దానిని దాటినచో ఆకాశము కనబడు నడిముంగిలి, ముంగిలి చుట్టును పడకగదులు, వెనుక వంటయిల్లును బావియు. ముందుగది యొకప్పుడు ప్రత్తిబోరములకో మిరపకాయల మూటలకో చోటిచ్చినది. వ్యాపారము ఊరివెలుపలి పెద్దబాటకు తరలిపోయిన పిమ్మట ఆ గదిలో మంచము పడినది, పిల్లలు చదువుకొనుచున్నారు. ఇంటివారికి సంబంధించినంతవఱకు అది యిల్లే. కాని ప్రణాళికాధికారుల పటమునందు అట్టి వీథి యంతయు నీలివర్ణముతో పూయబడియుండవచ్చును. పసుపు నివాసమునకు గుర్తు, నీలము వాణిజ్యమునకు.

ఈ సంగతి ఆ యింట కాపురముండువారికి ఏండ్లతరబడి తెలియకయే యుండును. అన్నదమ్ములు పంచుకొనబోయినప్పుడో, వానకు తడిసిన గోడను తీసి మరల కట్టబోయినప్పుడో, గృహనిర్మాణపు అప్పునకై కాగితములు చూపినప్పుడో బయటపడును. ‘ఇది వణిగప్పగుది కదా’ యని గుమాస్తా యొక్కమాట యనినంతనే ఇంటిపెద్దకు దిగులు పట్టుకొనును. తాత కట్టిన యింట కాపురముండుట నేరమైపోయినదా, ఇల్లు కూలినచో మరల కట్టనీయరా, అమ్ముకొని వెడలవలసినదేనా యని రాత్రులు నిద్రలేక యోచించిన కుటుంబములు కలవు. ఈ దిగులులో కొంత సకారణము, కొంత నిష్కారణము. ఆ రెంటిని విడదీసి చూపుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇల్లును అంగడియు నొకటియైన విధము

ఈ ప్రాంతమును కరిసల్ భూమి యందురు, అనగా నల్లరేగడి. విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకుల కాలమునను తెలుగువారు తండోపతండములుగా దక్షిణమునకు దిగి, ఈ మెట్టభూములలో నిలదొక్కుకొనిరి. కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకులు, రాజులు, దేవాంగులు, అరుంధతీయులు మొదలగువారు వేర్వేరు కాలములందు వేర్వేరు త్రోవల వచ్చినవారే. కోవిల్పట్టి చేరువనున్న ఇడైసేవల్ గ్రామస్థులగు కి. రాజనారాయణన్ గారు 1976 లో ప్రకటించిన ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలకు ఆ వలసయే వస్తువు. మాటలాడునది తెలుగు, చదువునది వ్రాయునది తమిళము అగుట ఆయనకే కాదు, ఈ సీమలోని తెలుగువారిలో పెక్కుమందికిని చెల్లును. ఈ విషయము పత్రముల ప్రసంగమున మరల అవసరపడును.

వచ్చినవారు మొదట కాపురపుచోటు నేర్పఱచుకొని, పిదప దాని చుట్టును పొలము చేసికొనిరి. గ్రామమునందలి అట్టి కాపురపుచోటును తమిళదేశపు రెవిన్యూ లెక్కలలో నత్తమందురు. నత్తము సాగుభూమి కాదు, సర్కారు బంజరును కాదు. ఇండ్లు కట్టుకొని యుండుటకు విడిచిన స్థలము. నత్తము నందు కాపురమున్నవారి స్వాధీనమును మదరాసు ఉన్నత న్యాయస్థానము పలు తీర్పులలో మన్నించినది. గ్రామములు పెరిగి పట్టణములై, ఆ నత్తముమీదనే బజారు వెలసినచోట్ల, నేడు వాణిజ్యమండల మనబడు స్థలము మూలమున నివాసస్థలమే యని గ్రహింపవలెను. ఒక నత్తపు పట్టా యున్నంతమాత్రమున పటములోని రంగు మారదు. అయినను ఈ చోట జనులు కాపురముండుట ప్రణాళికకంటె పూర్వపుదని చెప్పుటకు అంతకంటె మంచి సాక్ష్యము లేదు.

విరుదునగరము మొదట విరుదుపట్టి. నాడార్ వర్తకులు బండ్లు విప్పుకొనుటకును సరకు భద్రముగా నుంచుకొనుటకును ఈ సీమలోని ఊళ్లలో పేట్టైలను నెలకొల్పిరి. మన పేటయు వారి పేట్టైయు నొకే మాట. 1876 లో మధురనుండి తూత్తుక్కుడికి రైలు నడచుటతో విరుదుపట్టియు కోవిల్పట్టియు ఆ బాటమీది ఊళ్లైనవి. ప్రత్తి, మిరప, ధనియాలు, పప్పులు, నూనెలు ఇచ్చట చేతులు మారెను. 1923 లో విరుదుపట్టి విరుదునగర మాయెను. విరుదునగర మార్కెట్టు ధరలను తమిళ పత్రికలు ప్రత్యేకముగా ప్రకటించుట పాఠకు లెఱుగుదురు. ఈ పట్టణమున జన్మించిన కామరాజు గారు బాల్యమున మేనమామగారి బట్టల దుకాణమున పనిచేసినవారే. అట్టి ఊరిలో ఇంటికిని దుకాణమునకును నడుమ గీత గీయుట ఎవ్వరికిని తోచలేదు. కోవిల్పట్టియందును అంతే. అగ్గిపెట్టెల పని యిండ్లలో జరిగినది. 2020 లో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుసెనగ మిఠాయి కూడ పెద్ద కార్ఖానాలలో పుట్టినది కాదు, పొయ్యిచెంత బుట్టినది.

భాషయును ఈ కలయికకు సాక్ష్యమిచ్చును. తమిళుల కిడంగు మన గిడ్డంగి. వారి మళిగై దుకాణమును మన ప్రాచీనపు మడిగెయు నొక తల్లి బిడ్డలు. వీడు అనగా తమిళమున ఇల్లు. మన కావ్యభాషలో వీడనగా పట్టణము. ఒకే మాట యొకచోట ఇంటిని, వేఱొకచోట ఊరిని చెప్పుట ముచ్చటయైన విషయము. ఇండ్లు కలిసియే ఊరైనది. అంగళ్లు ఆ యిండ్ల అరుగులమీద పుట్టినవి.

పటమునకు రంగు వచ్చిన కథ

పట్టణమును మండలములుగా విభజించి, ఇచ్చట నివాసము, అచ్చట వర్తకము, ఆవల కర్మాగారములు అని నిర్ణయించు పద్ధతి మనది కాదు. జర్మనీదేశమున ఫ్రాంక్‌ఫర్ట్ నగరము 1891 లో ఇట్టి నిబంధనలు చేసినది. అమెరికాలో న్యూయార్కు నగరము 1916 లో నగరమంతటికిని వర్తించు మండల నిబంధన చేసెను. ఒహాయో రాష్ట్రమునందలి యూక్లిడ్ అను చిన్న ఊరు చేసిన నిబంధనను ఒక భూస్వామ్య సంస్థ ఎదిరింపగా, 1926 లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఊరి పక్షముననే తీర్పు చెప్పినది. నాటినుండి ఈ పద్ధతి ప్రపంచమున వ్యాపించెను.

యూక్లిడ్ నిబంధనలో నొక సూక్ష్మము కలదు. అది మెట్లమెట్లుగా కట్టబడినది. నివాసము అన్నిటికంటె పైమెట్టు. దాని క్రింద వర్తకము. దానికిని క్రింద పరిశ్రమ. పైమెట్టు వినియోగము క్రిందిమెట్టున నుండవచ్చును గాని, క్రిందిది పైకి రాకూడదు. కావున వర్తకపు మెట్టున నిల్లు కట్టుకొనుటకు అభ్యంతరము లేకుండెను. తరువాతి కాలమున అమెరికాలోని పెక్కు ఊళ్లు ఈ మెట్లను తీసివేసి, ఏ మండలమున ఏది పేర్కొనబడినదో అది మాత్రమే యుండవలెనని శాసించినవి. అందుచేత అచ్చట వర్తకమండలమున చిక్కుకొన్న పాతయిల్లు ‘నిబంధనకు సరిపడని పూర్వవినియోగ’ మగును. ఉన్నంతవఱకు ఉండనిత్తురు. అగ్నిప్రమాదమున నిల్లు చాలవఱకు నాశనమైనచో మరల నిల్లుగా కట్టుకొననీయని ఊళ్లు కలవు. ఆ భయముచేత అప్పిచ్చువారు వెనుకాడుదురు, కొనువారు వెనుదీయుదురు. అమెరికాలో స్థిరపడిన మనవారు తాముండు ఇంటికి మండలము మార్పించుకొనవలసి వచ్చినదని వ్రాసినప్పుడు, దానికి కారణము తఱచుగా నిదియే. వారి జాబు చదివి ఇచ్చటివారు బెదరనక్కఱలేదు. ఏలయన, తమిళనాటి పద్ధతి వేఱు.

మన దేశమునకు ఈ విద్య వచ్చినప్పుడు దానితోకూడ నొక మంచి వివేకము వచ్చెను. దురదృష్టవశమున అది నిలువలేదు. స్కాట్లండు పండితుడు పాట్రిక్ గెడ్డిస్ 1914 లో ఇండియాకు వచ్చి, 1915 లో మధుర, తంజావూరు మొదలగు మదరాసు రాజధాని పట్టణములను చూచి నివేదికలు వ్రాసెను. పట్టణమును మార్చుటకు ముందు వీథివీథియు నడచి, జను లెట్లు జీవించుచున్నారో చూడవలెననియు, పాతయిండ్లను కూలద్రోయుటకంటె అవసరమైనంత మేరకే శస్త్రచికిత్స చేయవలెననియు నాతని సిద్ధాంతము. 1920 లో మదరాసు పట్టణ ప్రణాళికా చట్టము వచ్చెను. దాని స్థానమున తమిళనాడు నగర గ్రామ ప్రణాళికా చట్టము, 1971 వచ్చినది. నేటి మాస్టర్ ప్లాన్లన్నియు దీనిక్రిందివే. గెడ్డిస్ చెప్పినట్లు ఇంటిలోనికి తొంగిచూచి పటము గీసినచో, అరుగుమీది పాత బోర్డును చూచి వెనుకనున్న నాలుగు పడకగదులను మఱచుట జరుగదు. బోర్డు తీసివేయుట బద్ధకించినందుకు వీథి యంతయు నీలమగుట చిత్రమే గాని, అట్లు జరుగదని చెప్పుటకు వీలులేదు.

ఇక చట్టము చెప్పునదేమి? 1971 చట్టము 47 వ సెక్షను ప్రకారము ప్రణాళిక అమలునకు వచ్చిన పిమ్మట ఎవ్వరును దానికి విరుద్ధముగా భూమిని వినియోగింపరాదు. ఆ వాక్యముతో చదువుట మానివేసినచో దిగులు కలుగుట సహజము. కాని దాని వెంటనే మినహాయింపు కలదు: ప్రణాళిక అమలునకు వచ్చిన దినమున ఏ భూమి ఏ పనికై ఎంతమేరకు వినియోగింపబడుచుండెనో, ప్రణాళికలో చెప్పిన గడువునకును షరతులకును లోబడి ఆ వినియోగమును సాగనీయవచ్చును. అంతకంటె ముఖ్యమైనది మఱొకటి. తమిళనాట మండల నియమములు ఇంచుమించు యూక్లిడ్ మెట్లవంటివే. వాణిజ్యమండలమున అనుమతింపబడు పనుల జాబితాలో నివాసమండలమునకు తగిన పనులు సాధారణముగా చేరియుండును. 2019 లో రాష్ట్రమంతటికిని ఏకముగా చేయబడిన అభివృద్ధి, భవననిర్మాణ నియమములను, తమ ఊరి మాస్టర్ ప్లాన్‌కు చేర్చిన జాబితాను చూచుకొనినచో ఇది తేలును.

కావున మొదటి మాట యిది. ఇల్లు నీలివర్ణమున నున్నదన్నంతమాత్రమున అందు కాపురముండుట తప్పు కాదు. కాపురము కొఱకే యైనచో మండలము మార్పించుకొన నవసరము పెక్కుమందికి లేదు. దళారులు కొందఱు ఈ మాట చెప్పరు. మార్పు చేయించెదమని డబ్బు తీసికొనుట వారికి లాభము.

నాలుగు కాగితములు

మఱి ఇబ్బంది ఎచ్చటనుండి వచ్చుచున్నది? ‘వణిగం’ అను నొక్కమాట నాలుగు వేర్వేరు కార్యాలయములలో నాలుగర్థములతో నుండుటచేత వచ్చుచున్నది.

మొదటిది ప్రణాళికాపటము. తమిళమున దీనిని ముళుమై తిట్టమందురు. స్థానిక ప్రణాళికాధికార సంస్థ, దానిపైన నగర గ్రామ ప్రణాళికా శాఖ దీనికి కర్తలు. ఇందు కుడియిరుప్పు అనగా నివాసము, వణిగం అనగా వాణిజ్యము. కుడియిరుప్పు చక్కని మాట: కుడి యనగా కుటుంబము, ఇరుప్పు అనగా ఉండుట. నిల పయన్పాడు అనునది భూవినియోగము.

రెండవది రిజిస్ట్రారు కార్యాలయపు మార్గదర్శక విలువ. తమిళమున వళికాట్టి మదిప్పు. అచ్చట వీథులను నివాసపు తరగతి, వాణిజ్యపు తరగతి యని విడదీసి ధర కట్టియుందురు. ఈ విభజన స్టాంపు సుంకము కొఱకు చేసినది. ప్రణాళికాపటమును చూచి చేసినదే కావలెనని లేదు. పాతయింటిని తమ్మునిపేర వ్రాయించబోయి, సుంకము చూచి నోరు తెఱచువారికి చిక్కు ఇచ్చటిది. దీనికి మందు మండలము మార్చుట కాదు. వీథి తరగతి తప్పని తోచినచో మార్గదర్శక విలువను సవరింపుమని అర్జీ పెట్టుకొనవలెను. తక్కువ విలువకు వ్రాయించి, స్టాంపు చట్టము 47-ఏ సెక్షను క్రింద విచారణకు పోవు త్రోవయు కలదు. ప్రణాళికా చట్టములో 47, స్టాంపు చట్టములో 47-ఏ. అంకెలు నొకటియగుటచే రెంటిని కలిపి మాటలాడువా రున్నారు గాని, వానికి సంబంధము లేదు.

మూడవది పురపాలక సంఘపు ఆస్తిపన్ను. తమిళులు దీనిని సొత్తు వరి యందురు. వరి యనగా మనకు ధాన్యము, వారికి పన్ను. ధాన్యముగనే పన్ను చెల్లించిన కాలము గుర్తునకు వచ్చుచున్నను, వ్యుత్పత్తి అంత సులభము కాకపోవచ్చును. పురపాలక సంఘమును కూడ పట్టణమును జోనులుగా విభజించును. కాని ఏ, బీ, సీ అను ఆ జోనులు పన్నుమట్టము కొఱకు ఏర్పడినవి. ‘మేము ఏ జోనులో నున్నాము’ అని చెప్పువారు పన్నుజోనును చెప్పుచున్నారో భూవినియోగమండలమును చెప్పుచున్నారో ముందుగా నడుగవలెను. పన్ను నిర్ణయించునప్పుడు కట్టడమును ఎట్లు వాడుచున్నా రనునదియే చూతురు గనుక, కాపురమున్న భాగమునకు నివాసపు పన్ను పడుచున్నదో లేదో రశీదు చెప్పును. ముందుగది దుకాణముగా నుండిన కాలపు లెక్క నేటికిని సాగుచున్నచో, దానిని మార్పించుకొనుట పురపాలక కార్యాలయమున జరుగవలసిన పని.

నాలుగవది విద్యుచ్ఛక్తి. గృహోపయోగపు తరగతి వేఱు, వాణిజ్యపు తరగతి వేఱు. దుకాణము మూసి యెన్నియో ఏండ్లైనను మీటరు పాతతరగతిలోనే యుండి, ఇంటివారు వాణిజ్యపు రేటు కట్టుచుండుట కలదు. దీనికి విద్యుత్తు కార్యాలయమునకు అర్జీ చాలును.

ఈ నాలుగును వేర్వేరైనను, ఒకదాని కాగితము మఱొకదానియెడ సాక్ష్యమగును. ఇంటిపన్ను రశీదును మీటరు పద్దును వాణిజ్యమని చెప్పుచుండగా, ఇది నివాసమే యని ప్రణాళికా కార్యాలయమునకు పోయినవాని మాట యెవ్వరు నమ్ముదురు? క్రింది మెట్లు ముందు సరిచేసికొనవలెను.

మార్పు నిజముగా కావలసినచోట్లు

అయినను మండలము మార్చుకొనుట అవసరమగు సందర్భములు లేకపోలేదు. అందు ముఖ్యమైనది, విస్తృతాభివృద్ధి ప్రణాళికలో ఒక నిర్దిష్టమైన స్థలము మార్కెట్టునకో, బస్సుల నిలయమునకో, వర్తకసముదాయమునకో కేటాయింపబడియుండుట. ఇది వట్టి నీలివర్ణము కంటె కఠినమైనది. ఇట్టిచోట ఇల్లు మరల కట్టుకొనుటకు అనుమతి దొరకదు. అయితే చట్టము 38 వ సెక్షనులో నొక కాలపరిమితి కలదు: ప్రణాళికా ప్రకటన వెలువడిన మూడు సంవత్సరములలోపల ఆ స్థలమును సేకరించుటకు చట్టప్రకారము ప్రకటన చేయకపోయినను, ఒప్పందముమీద తీసికొనకపోయినను, ఆ స్థలము కేటాయింపునుండి విడుదలయైనట్లే భావింపబడును. పాతపటములో కేటాయింపు గుర్తు కనబడినంతనే ఇల్లు పోయినదని తలపోయుటకు ముందు ఈ సెక్షనును న్యాయవాదికి చూపుట మేలు.

రెండవ సందర్భము ఇంతకంటె సున్నితమైనది. వాణిజ్యమండలమున నిల్లు ఉండవచ్చును, నిజమే. కాని ప్రక్కయిల్లు అమ్ముడుపోయి, అచ్చట మూడంతస్తుల వసతిగృహమో కల్యాణమండపమో లేచినచో అడ్డు చెప్పుట కష్టము. మండలము వారికే అనుకూలము. ముసలివారు నిద్రింపనేరని ధ్వని, వీథినిండ బండ్లు, బావులలో నీరింకుట — ఇవి తరువాతి కథలు. వీథిలో మిగిలిన యిండ్లు ఒకదాని వెంట నొకటి అమ్మకమునకు వచ్చును. అందఱును తెలుగున పలుకరించుకొను నాలుగు వీథులు ఇట్లు చెదరిపోయినచో, మాతృభాష వినబడు చోటు ఆ యూర నింకొకటి తగ్గును. బడిలో వారమున కొన్ని గంటలు చెప్పు తెలుగు, వీథి యరుగుమీద వినబడు తెలుగునకు బదులు కానేరదు. నివాసముగా మార్చుకొనుటలోని అసలు ఫలము తాము ఉండుటకు అనుమతి కాదు. ఇరుగుపొరుగు ఎట్లుండవలెనో నిర్ణయించుకొనుట.

దీనికి వెలయు కలదు. వాణిజ్యమండలపు స్థలమునకు బజారున ఎక్కువ ధర. నివాసమునకు మార్చినచో రేపు ముందుగదిని పెద్ద దుకాణమునకు అద్దెకిచ్చు హక్కు పోవును. ఊరిలోనే కాపురమున్న అన్నకు మార్పు మేలుగా తోచును. చెన్నపట్టణముననో సింగపూరుననో యుండి, తన భాగమును అమ్మదలచిన తమ్మునికి అది నష్టముగా తోచును. ఇద్దఱిలో నెవ్వరిని స్వార్థపరుడనుటకు వీలులేదు. పంపకపు పత్రము వ్రాయకముందే ఈ మాట తేల్చుకొనుట యుక్తము. తరువాత తేల్చబోయిన వారిలో కొందఱు కోర్టులచుట్టు తిరుగుచున్నారు.

ఈ చిక్కునకు నడిమిత్రోవ యొకటి కలదు. దానిని అర్జీదారులు తఱచుగా మఱతురు. తమిళనాటి నియమములందు నివాసమండలము ఒకటి కాదు. కేవల నివాసమండలము వేఱు, మిశ్రనివాసమండలము వేఱు. మిశ్రనివాసమున ఇండ్లతోపాటు చిన్న దుకాణములు, వైద్యుల గదులు, చిన్నతరహా పనులు పరిమితికి లోబడి యుండవచ్చును. విరుదునగర, కోవిల్పట్టి పాతవీథుల స్వభావమునకు సరిపోవునది ఇదియే. కేవల నివాసమునే కోరినచో, మూలమీద నలువదియేండ్లుగా ఉప్పు పప్పు అమ్ముచున్న దుకాణదారు, నిన్నటివఱకు ఇంటివారనుభవించిన దిగులు తాననుభవింపవలసివచ్చును. అతడు అభ్యంతరము చెప్పక తప్పదు, చెప్పుట న్యాయమును.

అదే కారణమున ఒక్క యింటి కొఱకు కాక, వీథియంతటి కొఱకు కోరుట మంచిది. నీలిపటము నడుమ నొక పసుపుచుక్కను పెట్టుమని కోరినచో, అది ఒకరికి చేసిన దయగా కనబడును. కార్యాలయములును న్యాయస్థానములును అట్టి చుక్కలను అనుమానముతో చూచును. పది యిండ్లవారు తమ పత్రములతో కలిసి వచ్చి, ‘ఈ వీథి యిట్లున్నది, పటము దానిని చూడలేదు’ అని చెప్పినచో అది ప్రణాళికను సవరించు మాట యగును. ఢిల్లీలో జరిగినది ఇందుకు తలక్రిందైన ఉదాహరణము. అచ్చట నివాసమండలములందు దుకాణములు వెలసినవి. 2006 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు ఎం. సి. మెహతా వ్యాజ్యమున తీర్పు చెప్పగా దుకాణములకు సీళ్లు పడెను. పిమ్మట 2007 ఫిబ్రవరిలో ప్రకటింపబడిన 2021 వఱకటి మాస్టర్ ప్లాన్ మిశ్రవినియోగమునకు వీథుల లెక్కన చోటిచ్చెను. ఒక్కొక్క దుకాణమును గాక, వీథిని మానముగా తీసికొనుటయే అచ్చటను దొరికిన త్రోవ.

అర్జీ నడచు విధము

మాస్టర్ ప్లాన్‌లోని మండలమును మార్చుటకు 1971 చట్టము 32 వ సెక్షను ఆధారము. విస్తృతాభివృద్ధి ప్రణాళికలోనిదైనచో 33 వ సెక్షను. మొదట తమ సర్వే నంబరు ఏ ప్రణాళికలో ఏ మండలమున నున్నదో కార్యాలయమునుండి వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. నోటిమాటను నమ్ముట పొరపాటు. పాత సర్వే నంబరునకును పట్టణ సర్వే నంబరునకును భేదముండుటచే, ప్రక్కవీథి రంగును తమ వీథికి చెప్పినవారున్నారు. పిదప స్థానిక ప్రణాళికాధికార సంస్థకు అర్జీ, రుసుము. వారు స్థలమును చూచి, పురపాలక సంఘపు అభిప్రాయమును గైకొని, పై శాఖకు పంపుదురు. ప్రతిపాదన ప్రజల యెఱుకకై ప్రకటింపబడును. గడువులోపల ఎవ్వరైనను అభ్యంతరము చెప్పవచ్చును. అన్నియు ముగిసిన పిమ్మట మార్పు ప్రభుత్వ గెజిట్టులో సర్వే నంబరుతో సహా అచ్చుపడును. అచ్చుపడువఱకు మార్పు లేదు. ఆంధ్ర, తెలంగాణములలో ఆస్తులున్నవారికి త్రోవ వేఱు. అచ్చట ఈ చట్టము వర్తింపదు. తెలంగాణమున 1975 నాటి పట్టణ ప్రాంతముల అభివృద్ధి చట్టము క్రిందివైన ప్రణాళికలకు ఆ చట్టపు 12 వ సెక్షను మార్పులకు మూలము.

సాక్ష్యముల విషయమున మన కుటుంబములు దరిద్రులు కావు. తమ పెట్టెలో ఏమున్నదో ఎఱుగరు, అంతే. పాతక్రయపత్రమున హద్దులు చెప్పునప్పుడు ‘వీడు’ అని వ్రాసినారా, ‘కడై’ యని వ్రాసినారా, ‘కిడంగు’ అని వ్రాసినారా చూడవలెను. ‘మచ్చు వీడు’ అని యున్నచో అది మిద్దెయిల్లు. ఒక్క మాటతో నివాసము ఋజువగును. ఓటర్ల పట్టికలు, రేషను కార్డులు, తలుపు నంబరుతో వచ్చిన ఇంటిపన్ను రశీదులు, నత్తపు పట్టా, పట్టణ సర్వే రిజిస్టరు నకలు — ఇవి ప్రణాళిక వచ్చిన సంవత్సరమునకు ముందువైనచో విలువ హెచ్చు. తరువాతివి ఎన్ని యున్నను అంతగా పనికిరావు. చెదలు పట్టక మిగిలిన పాతరశీదును బడిపిల్లలచేత చదివించుకొనుచున్న పెద్దలు పలువురు. ఇంట తెలుగు మాటలాడు మనుమడే తాతకు తమిళపు లెక్కలోని మాటను విప్పి చెప్పుచున్నాడు.

చిక్కు అంతయు అభ్యంతరముల గడువున నున్నది. ప్రకటన గెజిట్టులో వచ్చును, పత్రికలో వచ్చును. ఇంటితలుపు తట్టి చెప్పువారు లేరు. తాము కోరిన మార్పునకే గాక, ప్రక్కవారు కోరిన మార్పునకును ఇది వర్తించును. తమ వీథిని పరిశ్రమకో పెద్దవర్తకమునకో మార్చుచున్న ప్రతిపాదనను చూడక గడువు దాటనిచ్చి, తరువాత మొఱపెట్టుకొనినవారికి త్రోవ ఇఱుకు. సంఘములు వారమున కొకమాఱు పురపాలక కార్యాలయపు ప్రకటనల పలకను చూచి, తమ వీథుల సర్వే నంబరులు కనబడినచో తెలియజేయు ఏర్పాటు చేసికొనిన చాలును; దానికి పెద్దవ్యయము లేదు.

గెజిట్టులో మార్పు వచ్చిన పిదపకూడ పని ముగియదు. ప్రణాళికా కార్యాలయపు గోడమీది పటము తనంతట తాను రంగు మార్చుకొనదు. రిజిస్ట్రారు పద్దు, పన్నుపద్దు, మీటరు పద్దు వేర్వేరుగనే యుండును. గెజిట్టు ప్రతిని, కార్యాలయము ముద్రవేసి యిచ్చిన భూవినియోగ ధ్రువపత్రమును తీసికొని ఈ మూడుచోట్లకును పోయి, పాతపద్దులను సవరింపించుకొని, ప్రతి కార్యాలయమునుండియు రశీదు పొంది, వానిని క్రయపత్రముతో కలిపి కుట్టి యుంచవలెను.